రంద మెషీన్ దగ్గర గ్లవ్స్ ఏంట్రా!

పొద్దుటి కోపం ఇంకా దిగలేదు. తలుపు చట్రాలు నున్నగా, మూల తేడా లేకుండా వచ్చాయి, సంతోషమే. ఆ సంగతి ఇంకోసారి.

మనవాడు చెక్క నునుపు చేసే రంద మెషీన్ గార్డు, అదే బ్లేడ్లని కప్పే మూత, విప్పి మేకుకి తగిలించాడు. "అడ్డొస్తోందన్నా" అట. పైగా చేతులకి గ్లవ్స్! జాగ్రత్త కోసమట. బ్లేడ్లు బిగించి తిరిగే బ్లాక్ దగ్గర గ్లవ్స్ కన్నా ఉత్త చేతులే నయం. గుడ్డ పోగు ఒక్కటి బ్లేడుకి చిక్కినా చాలు, చేతిని లోపలికి లాగేస్తుంది. మణికట్టుకి కట్టిన దారాలు, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, అన్నీ అంతే. రంపానికైతే బిళ్ళ పైకి కనపడుతుంది, భయం ఉంటుంది. ఇక్కడ బ్లాక్ నిమిషానికి 4, 5 వేల చుట్లు తిరుగుతుంటే బ్లేడ్లు కంటికి ఆనవు. వేలు పడితే తెగి పడదు, పొరలు పొరలుగా చెక్కుకుపోతుంది. అతికించడానికి డాక్టరుకి ముక్క మిగలదు.

మన షెడ్లలో చాలాచోట్ల రందకీ రంపానికీ షాఫ్టు ఒకటే, అదొక గోల. రంద పడుతున్నంతసేపూ పక్కన రంపం ఊరికే తిరుగుతుంటుంది. రంపం బిళ్ళ విప్పేయమంటే బద్ధకం.

గార్డు లేకపోవడమే తప్పంతా అని రాద్దామనే కూర్చున్నా. ఇప్పుడు ఆలోచిస్తే అది సగమే. గార్డు అడ్డు రావడానికి కారణం స్ప్రింగు. టేకు పొట్టు, జిడ్డు పట్టి బిగుసుకుపోయింది. చెక్క తగలగానే పక్కకి జరిగి, చెక్క దాటగానే మూసుకోవాలి కదా, జరగట్లేదు. తుడిచి నూనె చుక్క వేస్తే పోయేదానికి విప్పి పారేశాడు. అసలు జబ్బు మాత్రం బ్లేడ్లది. మొద్దుబారాయి. మొద్దు బ్లేడు మీద బలం పెట్టి నెట్టాలి. అలా నెడుతున్నప్పుడు చెక్క ఎగిరి వెనక్కి తన్నిందా, చెయ్యి ఆ ఊపులోనే బ్లాక్ మీద పడుతుంది. అది చాలనట్టు, చెక్కని తోసే వైపుండే ముందు టేబుల్‌ని 3 మి.మీ. దించి పెట్టాడు, ఎంత దించితే బ్లేడు అంత మందం చెక్కుతుంది. 1 మి.మీ. చాలదూ? వెడల్పు పలకైతే అందులో సగం.

పాత మేస్త్రిగారు బ్లేడు కట్టే తీరు గుర్తొచ్చింది. ముందు ప్లగ్గు పీకి కళ్ళెదుట పెట్టుకునేవారు. వంకర లేని సన్నటి పట్టీ ఒకటి, చెక్క బయటికొచ్చే వైపుండే వెనక టేబుల్ మీద, కొస బ్లాక్ మీదికి వచ్చేలా ఉంచి, టేబుల్ అంచు దగ్గర పట్టీ మీద పెన్సిల్ గీత పెట్టేవారు. బ్లాక్‌ని చేత్తో మెల్లగా తిప్పితే బ్లేడు పట్టీని కాస్త ఈడుస్తుంది. మళ్ళీ అదే అంచు దగ్గర ఇంకో గీత. గీతల మధ్య 3 మి.మీ. రావాలి, అది కూడా ప్రతి బ్లేడుకీ, రెండు కొసల్లోనూ. ఎక్కువ ఈడిస్తే బ్లేడు పైకుంది, పలక చివర గుంట పడుతుంది. అసలు ఈడ్వకపోతే కిందికుంది, చెక్క వెనక టేబుల్ అంచుకి తగిలి ఆగిపోతుంది. ఆగిన చెక్కని మనవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా తోస్తాడు! బోల్టులు ఒకేసారి బిగించేవారు కాదు, కొంచెం కొంచెం అన్నీ తిప్పి, బిగించాక మళ్ళీ పట్టీ పెట్టి చూసేవారు. బిగింపులో బ్లేడు జరుగుతుంది మరి.

అడుగు కన్నా పొట్టి ముక్క దీని మీద పెట్టనే కూడదు. పొట్టి ముక్క కావాలంటే పొడుగు పలకకి రంద పట్టి, తర్వాత కోసుకోవాలి. పాత ఇళ్ళ దూలాలైతే ముందు అయస్కాంతం తిప్పి మేకులు చూసుకోవాలి. పలక వంగి ఉంటే గుంట వైపు కిందికి. నార వాలు చూసుకుని పెట్టాలి, ఎదురైతే పెచ్చులు లేస్తాయి, తన్నుతుంది. చెయ్యి బ్లాక్ పైనుంచి జారుకుంటూ పోకూడదు, ఎత్తి వెనక టేబుల్ మీదున్న చెక్క మీద పెట్టాలి. రెండు చేతుల్లో తోపుడు చెక్కలు, వెనకదానికి మడమ, అంటే చెక్క కొసకి ఆని తోసే అంచు, ఉండాలి. నిలబడటం పక్కనే, చెక్క వెనక కాదు.

రేపు షెడ్డు తెరవగానే బ్లేడ్లు సానకి. అన్నీ కలిపే పట్టించాలి. ఒక్కటే పట్టిస్తే బరువు తేడా వచ్చి బ్లాక్ అదురుతుంది, బేరింగులు పోతాయి.