ఎదురు మాట: మా వాడితో నా అనుభవం

నిన్న బడి నుంచి వచ్చినప్పటి నుంచి ఇది రాయాలని ఉంది. ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు, తలుచుకుంటే నవ్వూ ఆగడం లేదు.

మాది అనంతపురం. మా వాడికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. ఏడీహెచ్‌డీ (దేని మీదా మనసు నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉందని రెండేళ్ళ కిందట తేలింది. దానికి తోడు ఏం చెప్పినా నోట్లోంచి ముందు వచ్చే మాట ‘నేను చెయ్యను’. ఈ రెండూ చాలామంది పిల్లల్లో కలిసే ఉంటాయని డాక్టరు చెప్పారు.

తేల్చుకోవడం నేను భయపడినంత కష్టం కాలేదు. బెంగళూరులో మనసుకు, నరాలకు వైద్యం చేసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌కి పోయి చీటీ రాయించుకుని సాయంత్రం దాకా కూర్చున్నాం. ఇంట్లో ఎట్లా ఉంటాడు, బడిలో ఎట్లా ఉంటాడు అని రెండూ అడిగారు. ఒక్కచోటే అల్లరి చేస్తే దాన్ని ఏడీహెచ్‌డీ అనరట. చిన్నప్పటి నుంచే ఉందా అని గుచ్చి గుచ్చి అడిగారు. మాత్రలు రాశారు. వాటితో ఆకలి తగ్గుతుంది కాబట్టి పొద్దున్నే ఉగ్గాని కడుపునిండా పెట్టి తర్వాతే మాత్ర ఇస్తాను. ఈ మాత్రలు అన్ని మెడికల్ షాపుల్లో దొరకవు, డాక్టరు రాసిన చీటీ లేకుండా ఇవ్వరు. అయిపోవడానికి పది రోజుల ముందే వెతుక్కోండి. ఒక షాపాయన నలుగురిలో ‘పిల్లోడికి మత్తు మాత్రలు ఎందుకమ్మా’ అని గట్టిగా అడిగాడు. మళ్ళీ ఆ మెట్టు ఎక్కలేదు.

వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో ఎక్కువ టైం ఇస్తారని ఎవరో అంటే స్లాట్ బుక్ చేసి పోయాను, ఒక రోజు పోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు, చదవడం రాయడంలో ఇబ్బంది ఉండే లెర్నింగ్ డిజేబిలిటీ ఉంది. రెండోది కూడా ఉందేమో ముందు పరీక్ష చేయించి, తర్వాత పోండి. ఈ మాట స్లాట్ ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే నా రోజు మిగిలేది.

మందుల కంటే మాకు ఎక్కువ పనికొచ్చింది సైకాలజిస్ట్ మేడం చెప్పిన మాట. ‘తక్కువ మాట్లాడండి. ఒకసారికి ఒకటే పని చెప్పండి. చెప్పాక ఆగండి. వాడు కోపంలో ఉన్నప్పుడు వాదించొద్దు. వీలైతే నవ్వించండి.’ చివరి మాట అప్పుడు నాకు ఎక్కలేదు. రోజూ పొద్దున స్నానం దగ్గరే మా ఇంట్లో యుద్ధం. కేకలు పక్క పోర్షన్ దాకా పోయేవి.

మా వాడికి బస్సులంటే ప్రాణం. ఏ ఊరి బస్సు ఎన్ని గంటలకో, ఏ ప్లాట్‌ఫారంలో నిలబడుతుందో కండక్టర్లకే చెప్పగలడు. ఇది నేను ఎక్కడైనా గర్వంగా చెప్తాను. ఒకరోజు అరిచి అరిచి గొంతు పోయి, బస్టాండు మైకులో చెప్పినట్టు అన్నాను: ‘ప్రయాణికులకు విజ్ఞప్తి. బాత్‌రూం మీదుగా బడికి వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది.’

దుప్పట్లోంచి గొంతు వచ్చింది. ‘బస్సు ఫుల్లు. తర్వాతి బస్సులో వస్తా.’

‘తర్వాతి బస్సు రద్దయింది.’

లేచి పోయాడు. ఆరోజు నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను, సంతోషంతో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. వాడితో కలిసి నవ్వడం వేరు, వాడిని చూసి నవ్వడం వేరు. ఉగాదికి వచ్చిన మా బంధువు ఒకాయన అందరి ముందు వాణ్ణి ‘తిక్కోడు’ అని నవ్వాడు. ఆ రోజు ఓలిగ ముట్టకుండా మిద్దె మీద కూర్చున్నాడు నా బిడ్డ. పెద్దవాళ్ళకు ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా?

ఇక నిన్నటి సంగతి. బడి నుంచి ఫోను, వెంటనే రమ్మని. ప్రిన్సిపాల్ గదిలో సోఫా మీద అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులు ఐదారుగురు ఉన్నారు. నన్ను కూర్చోమనలేదు. టీ తెచ్చిన ఆయా అందరికీ ఇచ్చి నన్ను దాటుకుని పోయింది. నలభై నిమిషాలు నేనూ నా కొడుకూ టేబుల్ ముందు నిలబడ్డాం.

నేరం ఏమిటంటే, లెక్కల సారు ‘అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండి’ అన్నాడట. మా వాడు రెండు చేతులూ ఎత్తాడట. ఎందుకురా అంటే, ‘మీరు రెండుసార్లు చెప్పారు సార్, రెండుసార్లూ అర్థం కాలేదు’ అన్నాడట. క్లాసంతా నవ్వింది, సారుకు అవమానమైంది.

ప్రిన్సిపాల్ పెంపకం దగ్గర మొదలుపెట్టారు. ‘ఇంట్లో భయం లేదమ్మా, మీరు నెత్తికెక్కించుకున్నారు.’ సోఫాలో ఒకావిడ తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. అది చూసి నాకు చెవులు వేడెక్కాయి. నేను మా వాడి కాలు చూస్తూ నిలబడ్డాను. లేసు ఊడిపోయిన బూటు నేల మీద టకటక కొట్టుకుంటోంది. ‘కాలు ఆపు’ అన్నారాయన. ఆగింది, చేతి వేళ్ళు మొదలయ్యాయి.

‘ఇంకోసారి ఎదురు మాట్లాడతావా?’

మా వాడు మౌనం.

‘అడుగుతుంటే మాట్లాడవేంరా?’

‘మాట్లాడితే ఎదురు మాట్లాడినట్టు అవుతుంది సార్.’

సోఫా వైపు నుంచి ఎవరో దగ్గినట్టు నవ్వారు. రెండేళ్ళ కిందటైతే అక్కడే చెంప మీద కొట్టేదాన్ని. నిన్న పెదవి కరిచి పట్టుకున్నాను. వాడు పొగరుతో అనలేదు. నిజంగానే లెక్క వేసుకుని చెప్పాడు. తల్లిని కదా, వాడి ముఖం చూస్తే నాకు తెలుస్తుంది.

ఇంకోసారి ఇట్లా జరిగితే టీసీ తీసుకుంటానని రాసిమ్మన్నారు. రాయలేదు. ఆసుపత్రి కాగితం టేబుల్ మీద పెట్టి, ‘ముందు బెంచీలో కూర్చోబెట్టండి, మధ్యలో ఒకసారి బోర్డు తుడిచే పని ఇవ్వండి, ఏమైనా ఉంటే పక్కకు పిలిచి చెప్పండి. ఈ మూడూ చేశాక కూడా కుదరకపోతే అప్పుడు రాస్తాను’ అన్నాను. గొంతు వణికింది కానీ మొత్తం చెప్పాను. ఆయన కాగితం చదవలేదు, డ్రాయర్‌లో పెట్టుకున్నారు. మీరు ఇచ్చేటప్పుడు జిరాక్సే ఇవ్వండి.

బయట సైకిల్ స్టాండు దగ్గర వేపచెట్టు కిందికి వచ్చాక వాడు నా ముఖంలోకి చూశాడు. ‘మా, నువ్వు లోపల నవ్వినావు.’

‘లేదు.’

‘నీ భుజాలు కదిలినాయి.’

అంతే, ఇద్దరికీ ఆగలేదు. స్కూటీ సీటు పట్టుకుని నవ్వాను. వాచ్‌మన్ లేచి వచ్చి చూశాడు.

స్కూటీ స్టార్ట్ చేసి ఒక్క మాట చెప్పాను. ‘సోమవారం లెక్కల సారుకి సారీ చెప్పాలి.’

‘చెప్పను.’

నేనేమీ అనలేదు. సప్తగిరి సర్కిల్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి నా భుజం మీద గడ్డం ఆనించాడు.

‘ఒక్కసారే చెప్తా.’

‘ఒక్కసారి చాలు నాయనా’ అన్నాను.