పార కోసం రంగత్ దాకా

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో, మధ్య అండమాన్‌లోని రంగత్‌కి వెళ్ళే మా బస్సు తెల్లవారుజామున నాలుగింటికి. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ బస్సు స్టాండులో అందరూ పాత పేరే అంటున్నారు. మూడున్నరకే వెళ్ళి నిలబడ్డాను. నా చేతిలో ఉన్న అయిదడుగుల పీవీసీ గొట్టాన్ని చూసి బస్సు వాళ్ళు లోపలికి తేవద్దన్నారు. పైన కట్టేస్తారట. అందులో పార చేపని పట్టడానికి తెచ్చుకున్న రెండు ముక్కల గాలం రాడ్ ఉంది. ఆ రోడ్డు మీద, ఆ కుదుపులకి, పైన కడితే దాని కొస మిగలదు. అప్పటికే చెన్నైలో విమానం వాళ్ళు ఇదే గొట్టానికి 2,400 రూపాయలు వసూలు చేశారు. బరువు నాలుగు కిలోలు కూడా లేదు, డబ్బు కట్టింది పొడవుకి. ఆ కోపం ఇంకా దిగలేదు. చివరికి సగం టికెట్ డబ్బులు అదనంగా ఇచ్చి, గొట్టాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాను.

బస్సెక్కానని భీమిలిలో నాన్నకి ఫోన్ చేసి చెబుతుంటే పక్క సీటు పెద్దాయన తల తిప్పాడు. ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "మనోళ్ళేనా బాబూ? ఏ ఊరు మీది?" అన్నాడు.

డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపుటొడ్డు పల్లె. అమ్మ చంకలో ఉండగానే ఓడెక్కి వచ్చాడట, అప్పట్నించీ పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లోనే. వేటే జీవనం. ఆ పేటలో తెలుగు మత్స్యకారులు చాలామంది. ఆయన మాటలో శ్రీకాకుళం యాస చెక్కు చెదరలేదు, మధ్యమధ్య హిందీ మాటలు మాత్రం కలిసిపోయాయి. రంగత్‌లో కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నాడు.

"ఇందులో ఏటుంది?" అన్నాడు గొట్టం తట్టి.

"గాలం తాతా. పార కోసం."

"ఒడ్డు మీంచా?"

"ఒడ్డు మీంచే."

కాసేపు ఏమీ అనలేదు. ఈ మాట విన్నవాళ్ళు నవ్వడమో, బోటు మాట్లాడుకోమనడమో అప్పటికి నాకు అలవాటైపోయింది. ఆయన రెండూ చెయ్యలేదు.

ఈ చేప గురించి కొంచెం చెప్పాలి. మనం పార అని పిలిచే చేపల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఇంగ్లీషులో జెయింట్ ట్రెవల్లీ, గాలం వేసేవాళ్ళ నోట జీటీ. ఒకటిన్నర మీటరు దాటి పెరుగుతుంది. ప్రపంచ రికార్డు 2006లో జపాన్‌లోని తొకారా దీవుల దగ్గర పట్టిన 72.8 కిలోల చేప. దీనికి శాస్త్రీయ నామం పెట్టినవాడు ఫోర్స్‌కాల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త. ఆయన యెమెన్‌లో చనిపోయాక, 1775లో ఆయన రాతలు అచ్చయ్యాయి. ఆ పేరులో ఇగ్నోబిలిస్ అనే మాట ఉంది. లాటిన్‌లో ఘనత లేనిది అని అర్థం. ఏ కారణంతో పెట్టాడో గానీ, ఈ చేప దెబ్బ ఒక్కసారి తిన్న ఎవరూ ఒప్పుకోని పేరది. పగడపు దిబ్బ అంచున, కెరటం తెల్లగా విరిగే చోట కాపు వేసి, పైన కదిలే దేన్నయినా కొట్టి మింగుతుంది. సీషెల్స్‌లో నీటి మీద ఎగిరే సముద్రపు పక్షుల్ని సైతం గాల్లోకి లేచి పట్టేస్తుంది.

బోటులో వెళ్ళి పట్టడం సులువని కాదు. అదీ కష్టమే. కానీ బోటుకి రోజుకి పాతిక వేల నుంచి మొదలని చెప్పారు నాకు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, నాకు ఒడ్డు మీద నిలబడి పట్టాలనే ఉంది. బోటులో చేప ఎటు పోతే అటు మనమూ పోవచ్చు. ఒడ్డు మీద అదేమీ కుదరదు. అది పరిగెత్తేది రాళ్ళలోకి, మనం నిలబడేది రాళ్ళ మీద. మొదటి పది సెకన్లలో దాన్ని ఆపగలిగితే ఆపినట్టు, లేకపోతే తాడు పగడానికి రాసుకుని తెగిపోతుంది.

జిర్కటాంగ్ చెక్ పోస్టు దగ్గర బస్సు ఆగింది. అక్కణ్ణుంచి జరావా ఆదివాసులకి కేటాయించిన అడవి. బళ్ళన్నీ వరసగా, పోలీసుల వెంట, నిర్ణీత సమయానికే వెళ్ళాలి. ఆరింటికి మొదటి వరస. అప్పటిదాకా అందరూ దిగి టీ తాగారు. తాతా నేనూ ఒక బల్ల మీద కూర్చున్నాం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన గంట అదే.

సంచిలోంచి పాపర్ తీసి ఆయన చేతిలో పెట్టాను. చెక్కతో చేసిన జానెడు చేప బొమ్మ, నోటి దగ్గర గిన్నెలా గుంట. వంద గ్రాముల బరువు. "ఎంతయింది?" అన్నాడు. పద్దెనిమిది వందలన్నాను. మాట్లాడకుండా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలు ఆ గుంటలో పెట్టి, బల్ల మీద దాన్ని వెనక్కి గుంజాడు.

"ఇది నీళ్ళని కొట్టి అరుస్తాది" అన్నాడు. "పారకి అరుపే కావాల. సూసి కాదు, విని వస్తాది ముందు. సూసేది తరవాత."

ఎవరూ చెప్పకుండా, ఎక్కడా చదవకుండా, ముప్ఫై సెకన్లలో ఆ వస్తువు పనేమిటో ఆయన చెప్పేశాడు. తర్వాత తన అరచెయ్యి చూపించాడు. చూపుడు వేలి కింద నుంచి మణికట్టు దాకా తెల్లటి గీత. డుంగీ అనే చిన్న పడవ మీంచి చేతి తాడుతో పట్టిన పార గీసిన గీత అది. ఆయన వాడేది బతికున్న ఎర. నా పద్ధతి వేరు, అయినా చేప అదే కదా. ఏ వేళకి వెళ్ళాలని అడిగాను.

"పోటు మొదలయ్యే ముందు ఎల్లు. నీళ్ళు రాళ్ళెక్కుతున్నప్పుడు సిన్న సేపలు ఎక్కుతాయి, వాటెనక అది ఎక్కుతాది. పున్నమి, అమాస దగ్గర బాగుంటాది. ఇంకోటి బాబూ, సేప దగ్గరికొచ్చాక బలం వాడకు. కెరటం ఒడ్డెక్కేటప్పుడు లాగు. కెరటం ఎనక్కెల్లేటప్పుడు వదులు. ఆ నీటికి ఎదురెల్లావంటే తాడు తెగుద్ది."

బస్సు హారన్ కొట్టింది. ఆ అడవిలో ఎక్కడా ఆగకూడదు, ఫొటోలు తియ్యకూడదు. అయినా కొందరు కిటికీల్లోంచి తొంగి చూస్తూ, మనుషులు కనబడతారా అని వెతుకుతూనే ఉన్నారు. నాకు చాలా చిరాకేసింది. వాళ్ళ ఇంటి మధ్యలోంచి మనం దారి వేసుకుని వెళ్తున్నాం, ఆ మాత్రం మర్యాద ఉండద్దా? తాత మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. బారాటాంగ్ దీవి చేరడానికి మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దగ్గర బస్సుతో సహా బల్లకట్టు ఎక్కాం. ఇదివరకు హంఫ్రీ జలసంధి దగ్గర ఇంకో బల్లకట్టు ఉండేది, ఇప్పుడు అక్కడ వంతెన ఉంది. రంగత్ చేరేసరికి పదకొండు. తాత దిగుతూ, వచ్చే మంగళవారానికి జంగ్లీఘాట్‌లో ఉంటానని, జెట్టీ దగ్గర అడిగితే ఎవరైనా చెబుతారని అన్నాడు.

రంగత్‌లో గది 1,200. ఫ్యాను తిరుగుతుంది, నీళ్ళు వస్తాయి, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. ఎక్కడ గాలం వెయ్యచ్చో, ఎక్కడ కూడదో మత్స్యశాఖ ఆఫీసులో ముందే కనుక్కుని వచ్చాను. కత్‌బర్ట్ బే వైపు వెళ్ళకూడదు, అది సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే అభయారణ్యం. నేను ఎంచుకున్నది మోరిస్ డేరా దగ్గరి రాళ్ళు. రానూపోనూ ఆటో ఎనిమిది వందలన్నాడు. ఎక్కువే. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి, నేను ముగించేదాకా అక్కడే ఉంటానన్నాడు. రాళ్ళ మీద ఒంటరిగా గాలం వెయ్యకూడదని నాకు గట్టి నియమం. పైగా అండమాన్ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. వాగులు సముద్రంలో కలిసే చోట అస్సలు దిగకూడదు.

మొదటి రోజు ఏమీ పడలేదు. రెండో రోజు ఒకటి కొట్టింది. పాపర్ కింద నీళ్ళు ఉబ్బడం, అది మాయమవడం, రీలు కీచుమనడం వరకే గుర్తుంది. 80 పౌండ్ల తాడు రాయికి తగిలి పుటుక్కుమంది. పద్దెనిమిది వందలు పోయాయి. అంతకన్నా బాధ, నోట్లో గాలంతో చేప వెళ్ళిపోవడం. అందుకే నేను మూడు కొక్కేల గాలాలు తీసేసి ఒంటి గాలం పెడతాను, దాని ముల్లు కూడా పట్టకారతో నొక్కేస్తాను. అలా అయితే అదంతట అదే ఊడి పడే అవకాశం ఎక్కువ. ఆ సాయంత్రమంతా గదిలో కూర్చుని, తాడుకీ, దాని కొసన కట్టే 130 పౌండ్ల గట్టి తాడు లీడర్‌కీ మధ్య ముడి మూడుసార్లు విప్పి మళ్ళీ వేశాను. అన్నం కూడా సయించలేదు.

మూడో రోజు పున్నమి మర్నాడు. అండమాన్‌లో మన గడియారమే అయినా సూర్యుడు తొందరగా వస్తాడు. మార్చి మొదట్లో అయిదింటికే తూర్పు తెల్లబడింది. నీళ్ళు బాగా లాగేసి ఉన్నాయి. తాత చెప్పినట్టే పోటు మొదలయ్యేదాకా ఒక్కసారి కూడా విసరకుండా కూర్చున్నాను. కూర్చుంటే నాన్న గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఆదివారాలు నాన్నతో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళేవాణ్ణి. చెక్కకి చుట్టిన దారం, చిన్న గాలం, ఎరకి రొయ్య. అరచెయ్యంత పార పిల్లలు పడేవి. వెండిలా మెరిసేవి, చేతిలో పట్టుకుంటే గుర్రుగుర్రుమనేవి. అమ్మ వాటిని పసుపూ కారం రాసి పెనం మీద వేపేది. ఇరవై, ముప్ఫై తెచ్చిన రోజులున్నాయి. జీటీ పిల్లలు నదీముఖాల్లో, ఉప్పుటేరుల్లో పెరిగి తర్వాత సముద్రంలోకి వెళ్తాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మూడేళ్ళ దాకా, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు పెరిగేదాకా గుడ్లు పెట్టే వయసు రాదట. మేం వేపుకున్నవాటిలో ఈ జాతివి ఎన్నో ఎవరు చెప్పగలరు? ఆ వేపుడు రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది. అయినా ఆ లెక్క నన్ను వదలదు.

అయిదున్నర దాటాక నీళ్ళు మొదటి రాయి మీదికెక్కాయి. లేచాను. కెరటం విరిగే చోటికి అవతలగా విసిరి, రాడ్‌ని పక్కకి బలంగా గుంజాను. గుబుక్. ఆగాను. మళ్ళీ గుంజాను. ఏడో విసురో ఎనిమిదో విసురో, పాపర్ వెనక నీళ్ళు ఉబ్బాయి. అంతలో అక్కడ ఒక పెద్ద బండరాయి పడ్డట్టు నీళ్ళు పగిలాయి. చెయ్యి గుంజమంటోంది. గుంజలేదు. బరువు చేతికి తెలిసేదాకా ఆగి, అప్పుడు గాలం దిగేలా రాడ్‌ని రెండుసార్లు గట్టిగా గుంజాను.

ఆ తర్వాతది నిజంగా భయం. రీలు డ్రాగ్, అంటే తాడుని పట్టి ఉంచే బ్రేకు, పది కిలోలకి బిగించి పెట్టుకున్నాను, అయినా తాడు పోతూనే ఉంది. కుడి వైపున రాళ్ళ వరస. అటు పోతే నిన్నటి కథే. రాడ్ కిందికి దించి, మొత్తం ఒంటి బరువంతా ఎడమకి వేసి, ఆ దిక్కుగా నాలుగడుగులు నడిచాను. మోకాలు రాయికి కొట్టుకుని చీరుకుపోయింది, అప్పుడు తెలియలేదు. ఎక్కడో దాని తల తిరిగింది. చేతికి తెలిసింది అది, లాగుడులో చిన్న సడలింపు. అక్కణ్ణుంచి ఒక్కో అడుగూ.

ఒడ్డు దగ్గర తాత మాటే నడిపించింది. కెరటం ఎక్కినప్పుడు గబగబా చుట్టాను. వెనక్కి పోయేటప్పుడు డ్రాగ్ వదిలి, అది తాడు తీసుకుంటుంటే పళ్ళు బిగబట్టి చూస్తూ ఊరుకున్నాను. అది నేను నేర్చుకున్న అన్ని పాఠాలకీ విరుద్ధం. నాలుగో కెరటం దాన్ని దానంతటదే తెచ్చి, రెండు రాళ్ళ మధ్య నీటి గుంటలో పెట్టింది.

86 సెంటీమీటర్లు. పన్నెండు కిలోలు ఉండచ్చు. మగదనుకుంటాను, వీపు మసిబారినట్టు నల్లగా ఉంది. వయసొచ్చిన మగవి అలా నల్లబడతాయి. ఆటో అతను ఫోన్‌తో రెండు ఫొటోలు తీసి, ఇది వదిలేస్తారా అని హిందీలో మూడుసార్లు అడిగాడు. పగడాల మధ్య తిరిగే పెద్ద పారల్లో ఒక్కోసారి విషం చేరి తిన్నవాళ్ళకి జబ్బు చేస్తుందని చెప్పాను. అది నిజమే, కానీ నా కారణం అది కాదు. ఆయనకి గోస్తనీ సంగతంతా హిందీలో చెప్పడం నా వల్ల కాలేదు. గాలం తీసి, తోక మొదలు పట్టుకుని, నోరు వచ్చే నీటికి ఎదురుగా ఉండేలా గుంటలోనే నిలబెట్టాను. మొప్పలు ఆడుతున్నాయి. రెండు నిమిషాలో, మూడో. ఒక్కసారి తోక విదిల్చింది, నా ముఖం నిండా నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు మళ్ళీ విసరలేదు.

మంగళవారం సాయంత్రం జంగ్లీఘాట్ వెళ్ళాను. జెట్టీ దగ్గర అడిగితే ఒకావిడ తెలుగులోనే దారి చెప్పింది. తాత ఇంటి అరుగు మీద వల బాగు చేస్తున్నాడు. ఫొటో చూపించాను. వదిలేశానంటే, "మంచి కూరయ్యేది" అన్నాడు, అంతే. గోస్తనీ సంగతి ఆయనకి చెప్పాను. చెప్పినంతసేపూ వల కన్నాల్లో వేలు తిరుగుతూనే ఉంది. అయ్యాక, "మీ నాయన బాగున్నారా?" అని అడిగాడు.

ఆ చేపని పట్టిన పాపర్ ఆయనకిద్దామని తీసుకెళ్ళాను. రంగు పెచ్చులు ఊడి, పళ్ళ గాట్లు లోతుగా దిగి ఉన్నాయి. వెలుతురులోకి జరిగి, ఒక్కో గాటూ గోటితో తడిమి చూశాడు.

"ఇది ఎనకనించి వచ్చిందనుకున్నావా?"

అవునన్నాను. నా కళ్ళతో చూశాను, పాపర్ వెనకే నీళ్ళు ఉబ్బాయి.

"అది ఇంకోటి. ఇది పక్కనించి వచ్చి కొట్టింది. ఇదిగో, సూడు" అని గాట్ల వరస చూపించాడు. అన్నీ ఒక్క వైపే ఉన్నాయి, తలకి దగ్గరగా, అడ్డంగా. "రెండున్నాయక్కడ, బాబూ."