ఉసిళ్లు లేచిన మర్నాడు పోరుమామిళ్ల చెరువు దగ్గర

కడపలో నాలుగింటికి బయల్దేరి మైదుకూరు మీదుగా పోరుమామిళ్ల చేరేసరికి ఇంకా మసకగానే ఉంది. ముందురోజు పొద్దుగూకే వేళ మంచి వాన పడింది. టీ కొట్టు ముందు దీపం కింద ఉసిళ్ల రెక్కలు చీపురుతో ఊడ్చేంతగా రాలి ఉన్నాయి. ఫ్లై ఫిషింగ్‌కు కొత్తగా దిగేవాళ్లు అక్టోబరులో ఇలాంటి పొద్దు కోసమే కాచుకోవాలి. ఉసిళ్లు నీళ్ల మీద పడితే అడుగున మేసే చేప కూడా పైకొచ్చి నోరు తెరుస్తుంది. మనం విసిరేది వానపామూ కాదు, పిండి ముద్దా కాదు. గాలానికి ఈకా దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగు, దాన్నే ఫ్లై అంటారు. చేపలు నిజం పురుగుల్ని తింటున్న గంటలో అక్కడ ఉండటమే సగం పని.

ఫ్లై ఫిషింగ్ అనగానే చాలామందికి ట్రౌట్ చేప, ఊటీ, మూణార్ వైపు చల్లటి వాగులు గుర్తొస్తాయి. ట్రౌట్ మన ఎండకు బతకదు. సీమ చెరువుల్లో మొదలుపెట్టాల్సింది తిలాపియాతో. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప ఒడ్డు దగ్గరే, మోకాలి లోతులోనే తిరుగుతుంది. మగచేప అడుగు మట్టిలో పళ్లెంలాంటి గుంట తవ్వుకుని దాన్ని కాపలా కాస్తుంది, దగ్గరికి వచ్చిన దేన్నైనా కొడుతుంది. దూరం విసరడం రానివాళ్లకు ఇంతకన్నా అనువైన చేప లేదు. 25 అడుగులు సూటిగా పడితే చాలు.

చెరువు చేరగానే రాడ్డు విప్పకూడదు, ముందు అడగాలి. మన చెరువుల్లో చేపల హక్కును చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలకు లీజుకిస్తారు. కట్ల, రోహు, మోసు పిల్లల్ని డబ్బు పెట్టి వదిలేది వాళ్లే. కట్ట మీద వల సర్దుకుంటున్న పెద్దాయన్ని అడిగాం. "తిలాపి అయితే ఎన్నైనా పట్టుకోండి నాయనా. మా పిల్లచేపలు పడితే మాత్రం నీళ్లలోనే ఇడిచిపెట్టండి" అన్నాడు. దెబ్బ తగలకుండా వదలాలంటే గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కి చదును చేసుకోవాలి. అప్పుడు చేప నోరు చీలకుండా గాలం వచ్చేస్తుంది. మన వేలికి గుచ్చుకున్నా అంతే సులువుగా వస్తుంది.

సామానుకు 9 అడుగుల 5 వెయిట్ రాడ్డు, దానికి తగ్గ రీల్, ముందుభాగం బరువుగా ఉండే తేలే లైన్ చాలు. మామూలు గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లైకి బరువు లేదు, లైన్ బరువే దాన్ని మోసుకుపోతుంది. 5 వెయిట్ అంటే లైన్ మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, సుమారు 9 గ్రాములు తూగుతుంది. ఆ బరువుకు సరిగ్గా వంగేలా రాడ్డును తయారుచేస్తారు. దానికి 3 లైన్ ఎక్కిస్తే రాడ్డు వంగనే వంగదు, 8 ఎక్కిస్తే కూలబడుతుంది. లైన్ కొసకు లీడర్ అనే 9 అడుగుల సన్నటి నైలాన్ దారం, దాని చివర ఫ్లైని కట్టే ఇంకా సన్నటి దారం, 2 అడుగుల 4ఎక్స్ టిప్పెట్. ఎక్స్ పక్క అంకెను 11లోంచి తీసేస్తే మందం అంగుళంలో వెయ్యోవంతుల్లో వస్తుంది. 4ఎక్స్ అంటే 7 వెయ్యోవంతులు, అంటే 0.18 మిల్లీమీటర్లు. తిలాపియాకు ఇది బాగా సరిపోతుంది. కొరమీను పళ్లకు మాత్రం నిలవదు. దానికి 0.40 మిల్లీమీటర్ల నైలాన్, 8 వెయిట్ రాడ్డు కావాలి. మొదటి ఏడాది కొరమీను జోలికి పోకపోవడమే మంచిది.

చెరువు దగ్గర కొత్తవాళ్లను ఓడించేది చేప కాదు, కట్ట. నీటి అంచున నిలబడితే వెనక రాతి వాలు గోడలా లేస్తుంది. వెనక్కి పోయిన లైన్ పూర్తిగా చాచుకోకముందే ఫ్లై రాయికి కొట్టుకుని గాలం మొన విరుగుతుంది. విరిగిన సంగతి చేతికి తెలియదు. చేప కొడుతుంది, పడదు. మళ్లీ కొడుతుంది, పడదు. రెండుసార్లు ఇలా జరిగితే ఆగి, గాలం మొనను బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా లాగాలి. వాడిగా ఉంటే గోటిని పట్టుకుంటుంది, మొండిదైతే జారిపోతుంది. జారితే ఆ ఫ్లైని పారేయాల్సిందే.

కట్ట ఎక్కి పైనుంచి విసిరితే ఈ బాధ ఉండదనిపిస్తుంది. అది ఇంకా ప్రమాదం. మేం నడిచిన చోట బావుల మోటార్లకు పోయే కరెంటు తీగలు కట్ట మీదుగానే ఉన్నాయి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. తీగలు కనిపించినంత మేర రాడ్డును ముక్కలుగానే పట్టుకుని నడవాలి.

కట్ట దగ్గర పనికొచ్చేది రోల్ కాస్ట్, అంటే లైన్‌ను వెనక్కి చాచకుండానే ముందుకు విసరడం. ముందు 20 అడుగుల లైన్‌ను నీటి మీదే పరచాలి. రాడ్డును తొందరపడకుండా చెవి వెనక దాకా ఎత్తి ఆపాలి. లైన్ భుజం వెనక సగం చంద్రుడిలా వేలాడేదాకా ఆగి, గోడకు మేకు కొట్టినట్టు ముందుకు ఒక్క దెబ్బ వేసి కంటి ఎత్తున ఆపాలి. లైన్ చాపలా విప్పుకుంటూ పోతుంది. నీరు లైన్‌ను పట్టుకుంటేనే ఇది పనిచేస్తుంది కాబట్టి ఇంటి మిద్దె మీద సాధన చేస్తే రాదు. వెనక ఖాళీ ఉన్న మెట్ట ఒడ్డున మామూలుగా తలమీదుగా విసరొచ్చు. అక్కడ వెనక్కి వేశాక లైన్ చాచుకునేదాకా ఆగకపోతే కొరడాలా చెళ్లుమంటుంది, ఫ్లై తెగి ఎటో పోతుంది. ఎక్కువసేపు ఆగితే లైన్ కంపచెట్లకు చుట్టుకుంటుంది.

ఎక్కడ విసరాలన్నదానికి ఈ చెరువు శాసనమే ఒక ఆనవాలు ఇస్తుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనం అది. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లతో 2 ఏళ్లు పని జరిగిందని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెప్పారు. ఆ దోషాల్లో ఒకటి చెరువు మధ్య తాబేలు వీపులా నేల లేచి ఉండటం. నీళ్లు నిలవవు కాబట్టి కట్టేవాళ్లకు అది దోషమే. గాలం వేసేవాళ్లకు మాత్రం ఏ చెరువులోనైనా వెతకాల్సింది అలాంటి మిట్టనే. లోతు నుంచి మేతకు వచ్చే చేప దాని అంచున ఆగుతుంది. నీటి రంగు ముదురు నుంచి లేతకు మారే గీత మీద ఫ్లై పడాలి. దగ్గరికి పోవడానికి నీళ్లలో దిగేముందు కర్రతో పొడిచి చూడాలి, ఒండ్రు మోకాలి దాకా దిగబడుతుంది.

మాకు బాగా పనిచేసింది ఉసిళ్ల ఫ్లై. 12 నంబరు గాలానికి గోధుమరంగు కుట్టుదారం రెండు పొరలు చుట్టి, నాటుకోడి పుంజు మెడ నుంచి బూడిదరంగు ఈకలు రెండు తీసి వెనక్కి వాలేట్టు కట్టాలి. గాలం కన్ను దగ్గర 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలకపోతే తర్వాత టిప్పెట్ దూరదు, అందరూ మొదట చేసే తప్పు ఇదే. టిప్పెట్ ముడిని ఉమ్మితో తడిపి బిగించాలి, పొడిగా లాగితే వేడికి నైలాన్ బలహీనపడుతుంది. చేప కొట్టగానే రాడ్డు పైకి ఎగరేయకుండా ఎడమచేత్తో లైన్‌ను జానెడు లాగాలి. దొరికిన తిలాపియాను తల వైపు నుంచి అరచేత్తో నిమురుతూ వీపు ముళ్లు అణిచి పట్టుకోవాలి.

ఎనిమిదిన్నరకు గాలి లేచింది. చెరువులోకి దిగే వంకకు మారాం. పారే నీటిలో ఎగువకు విసిరి, ఫ్లై నీటి వేగంతోనే కొట్టుకొచ్చేలా వదులుగా ఉంచితే చిన్న పరిగె చేపలు అందుకుంటాయి. లైన్ బిగిసి ఫ్లై నీటిని చీల్చుకుంటూ పోయిందా, ఒక్కటీ తాకదు. బురదనీటికి లైన్ గరగరలాడుతూ మునగడం మొదలైంది. దాన్ని తడిగుడ్డ మీద ఒక చుక్క సబ్బు వేసి తుడిచి, నీడన ఆరబెట్టి రీల్‌కు చుట్టుకున్నాం.