గ్యాస్ అనుకున్నాను

మా అన్నయ్యకు 52వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. తోబుట్టువులు కూడా చూపించుకోవాలని వాళ్ల డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. ఏడాది పాటు ఏదో ఒక సాకు చెప్పి, 47 ఏళ్ల వయసులో చివరికి నేనూ విజయవాడలో కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, ఒప్పుకున్నాను.

అందరూ భయపెట్టే ముందురోజు సంగతి ఎక్కువ రాయను. రెండు లీటర్ల ఉప్పటి మందునీళ్లు, బాత్రూం, మళ్లీ బాత్రూం. గురువారం పొద్దున మత్తిచ్చారు. లేచేసరికి అయిపోయింది. ఎడమవైపు, పేగు చివర్లో 6 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) కనిపిస్తే అప్పుడే తీసేశారట. "లోపలికి గాలి కొట్టాం కదా, ఒకట్రెండు రోజులు గ్యాస్ ఉంటుంది" అన్నారు.

ఆ గ్యాస్ అన్న మాటే నా కొంప ముంచింది. శనివారం సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి మొదలైతే అదేలే అనుకున్నాను. మా ఆవిడ వాము నమిలించింది. రాత్రికి వాంతి. ఆదివారం పొద్దున ఏప్రిల్ ఎండల్లో రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. జ్వరం 102.

వీధి చివరి క్లినిక్‌కి వెళ్లాను. "ఈమధ్య ఆపరేషన్లు, పరీక్షలు ఏమైనా చేయించుకున్నారా అండీ?" అని అడిగాడు కుర్ర డాక్టరు. తలుపు తెరిచే ఉంది, బయట బెంచీ మీద మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇద్దరున్నారు. వెనక నుంచి గొట్టం వేయించుకున్నానని వాళ్లు వింటుండగా ఎలా చెప్పను? "ఏం లేదండీ" అన్నాను. వైరల్ జ్వరమని పారాసెటమాల్, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చాడు. పాపం, అతను అడగాల్సింది అడిగాడు.

సాయంత్రానికి నొప్పి బొడ్డు దగ్గర్నుంచి కుడివైపు కిందికి దిగింది. దగ్గితే ప్రాణం పోతోంది. అప్పుడు మా ఆవిడ ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం తీసి చదివింది. జ్వరం, వణుకు, తగ్గని కడుపునొప్పి, రక్తం పడడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే రమ్మని రాసి ఉంది. "మూడున్నాయి మీకు. లేవండి" అంది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ కుడిపక్క మెల్లగా నొక్కి, టక్కున చెయ్యి తీసింది. నొక్కినప్పటి కంటే తీసినప్పుడు ఎక్కువ అరిచాను. ముందు పేగుకు చిల్లు పడిందేమోనని అనుమానించారు. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే పొట్టలో పేగు బయట గాలి ఏమీ కనిపించలేదు, అంటే చిల్లు ఆనవాలు లేదు. పాలిప్ తీసినచోట, దాన్ని కోయడానికి వాడే కరెంటు వేడి పేగు గోడలోకి దిగితే, చిల్లు లేకపోయినా జ్వరం, నొప్పి వస్తాయట. కానీ నాకు పాలిప్ తీసింది ఎడమవైపు, నొప్పేమో కుడివైపు. తెల్లరక్తకణాలు 17,800, మామూలు కంటే బాగా ఎక్కువ. సీటీ స్కాన్‌లో అసలు దొంగ దొరికాడు: వాచిపోయిన అపెండిక్స్. మా నాయనమ్మ మాటల్లో 24 గంటల నొప్పి.

సర్జన్ గారు ఓపిగ్గా చెప్పారు. స్కోపు వెళ్లి ఆగే చోటు పక్కనే అపెండిక్స్ నోరు ఉంటుంది. గాలి ఒత్తిడికి చిన్న మలపు గడ్డ అందులోకి దూరి మూసుకుపోవచ్చు, లేదా ముందే లోలోపల వాస్తున్నది అప్పుడే రేగి ఉండొచ్చు. నాకు ఏది జరిగిందో తేల్చడం కష్టమన్నారు. ఇలాంటి కేసు వైద్య పత్రికల్లో 1988లోనే వచ్చిందట. చాలా అరుదు అని కూడా అన్నారు. అరుదైతే నాకెందుకు వచ్చిందని ఆ రాత్రి ఎవర్ని అడగను?

యాంటీబయాటిక్స్ ఎక్కించి, అర్ధరాత్రి దాటాక మూడు రంధ్రాలతో తీసేశారు. పగలలేదు, అంచుదాకా వచ్చిందన్నారు. గురువారం ఇంటికొచ్చాను, సరిగ్గా వారానికి. పాలిప్ రిపోర్టులో క్యాన్సర్ లేదు, అడినోమా అని ఉంది, అంటే వదిలేస్తే ఎప్పటికైనా క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం. అన్నయ్య కేసు ఉంది కాబట్టి అయిదేళ్లకు మళ్లీ స్కోపు వేయించుకోవాలి. వేయించుకుంటాను.

కుట్లకు డ్రెస్సింగ్ కోసం వీధి చివరి క్లినిక్‌కే వెళ్లాను. కుర్ర డాక్టరు పొట్ట చూసి "ఇదేంటండీ?" అంటే ఈసారి మొత్తం చెప్పాను, తలుపు తెరిచే ఉంది. బయటికొచ్చాక బెంచీ మీది పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "ఆ గొట్టం వేసేటప్పుడు నొప్పుంటుందా బాబూ? నాకూ రాసిచ్చి ఆర్నెల్లయింది."