ఆదివారం, వాటర్‌హౌస్ బొమ్మలు

ఇవాళ పెద్దగా పనేం లేదు, బట్టలు ఆరేసొచ్చి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ట్యాబ్ పక్కన పెట్టుకుని ఇంగ్లీష్ చిత్రకారుడు వాటర్‌హౌస్ పెయింటింగులు ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నా, 1886లో వేసిన 'ది మ్యాజిక్ సర్కిల్' (మంత్రవలయం) వచ్చేసరికి ఇంక ముందుకి కదలబుద్ధి కాలేదు.

మోడుబారిన నేల మీద ఒకావిడ చెప్పుల్లేకుండా నిలబడి కర్రతో తన చుట్టూ గీత గీస్తోంది. ఇంకో చేతిలో కొడవలి, మెడలో హారంలాగా బతికున్న పాము. మూడు కాళ్ళ స్టాండ్ మీద కాగు, కింద మంట, దాని పొగేమో గాలన్నదే లేనట్టు స్తంభంలా నిటారుగా పైకి పోతోంది. బొంతకాకులు, కప్ప, పుర్రె అన్నీ గీత బయటే ఉండిపోయాయి, పూలు మాత్రం లోపల. నాకు బాగా నచ్చిందేంటంటే ఆవిడ మనవైపు చూడదు, భయపెట్టదు, వయ్యారం పోదు, చేస్తున్న పని మీదే ధ్యాసంతా. ఆ రోజుల్లో మంత్రగత్తెని ఇలా తన పనిలో మునిగిపోయినట్టు చూపించిన బొమ్మ నేనైతే ఇంకోటి చూళ్ళేదు.

అదే కాలపు ఇంకో ఇంగ్లీష్ చిత్రకారుడు ఫ్రెడరిక్ శాండిస్ వేసిన 'మెడియా' తీస్కోండి, ఈవిడ గ్రీకు పురాణాల్లో మంత్రగత్తె. మొగుడు జేసన్ ఇంకో పెళ్ళికి సిద్ధపడ్డాడని ఆ పెళ్ళికూతురి కోసం విషం కలుపుతూ, ఒక చేత్తో మెళ్ళో ఎర్రపూసలు గుంజుకుంటూ ఉంటుంది, వెనకాల బంగారు రంగులో జేసన్ ఓడ ఆర్గో. చూస్తే కడుపు తరుక్కుపోతుంది, కానీ అక్కడ మనకి కనపడేది మంత్రం కాదు, మోసపోయిన మనిషి పగ. దాన్ని 1868లో లండన్‌లో ఏటా బొమ్మల ప్రదర్శన పెట్టే రాయల్ అకాడమీ వద్దని తిప్పి పంపి మళ్ళీ మరుసటేడు పెట్టింది. వాటర్‌హౌస్ బొమ్మకి ఆ తిప్పలేవీ లేవు, అదే అకాడమీలో పెట్టిన ఏడాదే దేశం కోసం బొమ్మలు కొనే చాంట్రీ నిధి డబ్బుల్తో 650 పౌండ్లకి కొనేశారు.

ఐదేళ్ళ తర్వాత, 1891లో, వాటర్‌హౌసే సర్సీని వేశాడు, ఈవిడ మగాళ్ళని జంతువులుగా మార్చే గ్రీకు పురాణాల మంత్రగత్తె. సింహాసనం మీంచి గిన్నె ఎత్తి పట్టుకుని నేరుగా మనల్నే చూస్తుంది, వెనక అద్దంలో గ్రీకు వీరుడు యులిసిస్ కనపడతాడు, అంటే మనం నించున్న చోటు అతనిదన్నమాట, కాళ్ళ దగ్గర పందిగా మారిపోయిన వాడొకడు. చాలా తెలివైన కంపోజిషన్, ఒప్పుకుంటా, కానీ ఆ మాయంతా ఎదురుగా ఉన్న మగాడి కోసమే. మ్యాజిక్ సర్కిల్‌లో ఎదురుగా ఎవరూ లేరు, ఆవిడకి ఎవరూ అక్కర్లేదు కూడా, అందుకే నాకు అదే గొప్పగా అనిపించింది.

మ్యాజిక్ సర్కిల్ లండన్‌లో టేట్ గ్యాలరీలో ఉంది, మెడియా బర్మింగ్‌హామ్ మ్యూజియంలో ఉంది, ఎప్పటికైనా రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెడితే చూడాలని ఎంత ఆశగా ఉందో.