వంటింటి లాగ్: యూరిక్ యాసిడ్ తగ్గాలి, కడుపు పండాలి

కొత్త రిపోర్టు వచ్చింది, యూరిక్ యాసిడ్ 6.1. సంక్రాంతి పిండివంటలన్నీ అయ్యాక చేయించినప్పుడు 7.3 ఉండేది. మందు లేకుండా తిండి మార్చుకుంటేనే ఇంత దిగింది కాబట్టి ఈసారి కొత్త వంటలేమీ లేవు, మార్చిన పాత వంటల సంగతే. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: మా అమ్మమ్మ కాకినాడ వంటల్ని గ్రాముల్లో తూచి కొలతలు రాసుకోవడం నా సరదా. ఈ ఏడాది పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం, దాంతో ఆ సరదాకి ఇంకో పని తగిలింది.

ముందు మందుల గొడవ చెప్పేస్తా, ఎందుకంటే చాలామంది అడిగేది అదే. మొదట చూసిన డాక్టరు రిపోర్టు చూడగానే యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్ రాసిచ్చారు, పిల్లల కోసం చూస్తున్నారా అని ఒక్క మాటైనా అడగలేదు. కొనకముందు ఆ చీటీ మా గైనకాలజిస్టుకి చూపిస్తే ఆవిడ వద్దన్నారు. నాకు కీళ్ల వాపు లేదు, కిడ్నీలో రాయి లేదు, ఉన్నదల్లా కాగితం మీద అంకె. అలాంటివాళ్లకు యూరిక్ యాసిడ్ మందు మొదలుపెట్టకపోవడమే మేలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020 మార్గదర్శకాల్లోనూ ఉంది. పైగా ఫెబుక్సోస్టాట్ గర్భంలో సేఫ్ అని చెప్పడానికి సరిపడా సమాచారం లేదు, ఇదే పని చేసే అల్లోప్యూరినాల్‌ని కూడా మామూలుగా తప్పిస్తారు. అయితే గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ల వాపు) వచ్చి ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు నా మాట విని ఆపేయకండి, ప్రయత్నాలు మొదలుపెట్టకముందే మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి. బీపీకి లోసార్టాన్ వాడేవాళ్లకి ఇంకో సంగతి: అది యూరిక్ యాసిడ్‌ని తగ్గించే మాట నిజమే, కానీ గర్భంలో వాడకూడని మందు.

ఇంకోటి, నెలసరి వస్తున్న వయసులో ఆడవాళ్లకు ఈ అంకె మామూలుగా తక్కువే ఉంటుంది, ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం కిడ్నీలు దీన్ని బాగా బయటికి పంపేస్తాయి. అయినా ఎక్కువుందంటే వెనక ఏదో ఉందేమో చూడాలని మా గైనకాలజిస్టు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, షుగర్, బీపీ అన్నీ చూశారు. నా విషయంలో దొరికింది పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల తేడా), దానితో వచ్చిన బరువు. ఈ రెండూ ఉంటే ఒంట్లో ఇన్సులిన్ పెరగొచ్చు, అది ఎక్కువుంటే కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని పట్టుకుని ఉంచేస్తాయట. అంటే నేను తగ్గించుకోవాల్సింది పప్పు కాదు, పొట్ట.

పప్పు అంటే గుర్తొచ్చింది. యూరిక్ యాసిడ్ అని చెప్పగానే చుట్టాలందరూ పాడే పాట ఒకటే: కందిపప్పు మానేయ్, పాలకూర మానేయ్, టమాటా ముట్టుకోకు. ఇంకోవైపు పిల్లల కోసం చూస్తున్నామంటే అదే చుట్టాలు ఆకుకూరలు తిను, పప్పు తిను అంటారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుంటే మిగిలేది మంచినీళ్లే. 2004లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించిన అధ్యయనం వచ్చింది. మాంసం, సముద్రపు చేపలు ఎక్కువ తిన్నవాళ్లకి గౌట్ ఎక్కువ వచ్చింది, ప్యూరిన్లున్న (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారేవి ఇవే) కూరగాయల వల్ల పెరగలేదు, పాలు పెరుగు బాగా తీసుకున్నవాళ్లకి తక్కువ వచ్చింది. అది మగవాళ్ల లెక్కే, కానీ నాకు పప్పు మానక్కర్లేదనడానికి అది చాలు, మా డాక్టరు కూడా మానొద్దనే చెప్పారు. కాబట్టి మా ఇంట్లో పాలకూర పప్పు వారానికి రెండు మూడుసార్లు ఉంటుంది, పక్కన గడ్డ పెరుగు. ఫోలేట్ అనే విటమిన్ ఆకుకూరల్లో ఉంటుంది కదా అని ఫోలిక్ యాసిడ్ మాత్ర వదిలెయ్యకూడదు, గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు పడాలి.

పులుపు సంగతి: "యాసిడ్ ఉందన్నారుగా, చారు మానేయమ్మా" అని అత్తయ్య. చింతపండు పులుపుకీ దీనికీ సంబంధం లేదత్తయ్యా అంటే నమ్మరు. నిమ్మకాయలోని సిట్రేట్ మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తుందని చెప్పాక కొంచెం మెత్తబడ్డారు, ఇప్పుడు మజ్జిగలో ఆవిడే నిమ్మకాయ పిండి పంపిస్తున్నారు.

అసలు కష్టం చేపలతో. మా వైపు నెత్తళ్ళ వేపుడు, కవళ్ళు, ఎండు రొయ్యలు లేకుండా వారం గడవదు. ఈ చిన్న సముద్రపు చేపల్లో ప్యూరిన్లు బాగా ఎక్కువ, ఎండబెడితే నీరంతా పోయి ఇంకా చిక్కబడతాయి. పోనీ పెద్ద చేపలకి మారదామంటే వాటిలో పాదరసం, కడుపుతో ఉన్నవాళ్లకి సొర లాంటివి అసలు వద్దంటారు, వంజరం కూడా వేటాడి తినే పెద్ద చేపే. చేప పూర్తిగా మానేద్దామా అంటే అదీ కుదరదు, బిడ్డ మెదడుకి ఒమేగా 3 కావాలి, అమెరికా ఎఫ్‌డీఏ గర్భిణులకి పాదరసం తక్కువున్న చేప వారానికి 225 నుంచి 340 గ్రాములు తినమనే చెబుతుంది. అటూ ఇటూ చూసి చెరువు చేప దగ్గర ఆగాను. రాగండి, బొచ్చె వారానికి రెండుసార్లు, మనిషికి వంద గ్రాములు. సముద్రపు చేపంత ఒమేగా 3 ఉండదని తెలుసు, అందుకే ఎప్పుడైనా ఒకసారి రెండు కవళ్ళు వేసుకుంటా, పళ్లెం నిండా కాదు. రెండు జాబితాలూ గొడవ లేకుండా ఒప్పుకున్నది లివర్ ఒక్కటే: అటు ప్యూరిన్లు, ఇటు విటమిన్ ఎ మరీ ఎక్కువ, రెండింటికీ వద్దు. పాయా కూడా బంద్, ప్యూరిన్లు నీళ్లలో దిగుతాయి కాబట్టి మాంసం మరిగిన సూప్‌లో ఉండేవి అవే.

నా లెక్కలో ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం తీపి. చక్కెరలో సగం ఫ్రక్టోజ్, అది లివర్‌లో కరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది, బెల్లం అన్నా తేనె అన్నా పెద్ద తేడా లేదు. కాజాలు పండక్కే, కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు అసలే లేవు. పండు పండులాగే తింటున్నా, జామకాయ ఎక్కువ. కాఫీ యూరిక్ యాసిడ్‌కి మంచిదే అంటారు గానీ గర్భం కోసం చూసేవాళ్లకి కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు కాబట్టి రెండు చిన్న గ్లాసులతో సరి.

బరువు గబగబా దించుకోవాలని కీటో, కటిక ఉపవాసాలు పెట్టకండి, ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే కీటోన్లు పెరిగితే యూరిక్ యాసిడ్ బయటికి పోక అంకె ఇంకా ఎగబాకుతుంది. ఆ లెక్కన కార్తీకంలో నేను పండ్లు, పాలు తీసుకునే ఉపవాసమే ఉంటా. టెస్టుకి వెళ్లే ముందు రోజు జిమ్‌లో ఒళ్లు హూనం చేసుకున్నా, నీళ్లు తాగకపోయినా అంకె ఎక్కువే చూపిస్తుంది, అందుకని రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో, ముందు రోజు నడక మాత్రమే చేసి ఇచ్చాను.

గర్భం వచ్చాక మొదటి నెలల్లో ఈ అంకె దానంతటదే కిందికి దిగి, నెలలు నిండేసరికి మళ్లీ పెరుగుతుందట. అప్పుడు గమనించాల్సింది బీపీ అని డాక్టరు గట్టిగా చెప్పారు, ఇంట్లో మెషిన్ కొని ఇప్పటినుంచే రాస్తున్నా.

ఇక రాగండి ఇగురు, మార్చిన కొలతలు. నలుగురికి ముక్కలు 400 గ్రాములు. మరుగుతున్న నీళ్లలో పసుపు, ఉప్పు వేసి ముక్కలు మూడు నిమిషాలు ఉంచి తీసేసి, ప్యూరిన్లు దిగిన ఆ నీళ్లు పారబోయాలి (అమ్మమ్మ చూస్తే ఊరుకోదు, రుచి కొంత పోయే మాట నిజమే). కళాయిలో రెండు స్పూన్ల నూనె, పావు స్పూను మెంతులు, ఉల్లిపాయ ముద్ద 150 గ్రాములు పచ్చివాసన పోయి నూనె పక్కలకి వదిలేదాకా. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, రెండు టమాటాలు, 15 గ్రాముల చింతపండు గుజ్జు. అది దగ్గరపడ్డాక ముక్కలు పరిచి సన్నసెగ మీద ఎనిమిది నిమిషాలు, గరిట పెట్టొద్దు, కళాయి చెవులు పట్టుకుని తిప్పితే చాలు. చివర్లో కొత్తిమీర. పోయిన ఆ రుచిని వెనక్కి తేవడానికి వచ్చేసారి మెంతులు అర స్పూను చేసి చూస్తా.