చెస్960 మూవ్ జనరేటర్: బి1 రూక్ పెట్టిన తిప్పలు

ఎట్టకేలకు లెక్క కుదిరింది! చెస్960 (వెనక వరస పావులను 960 రకాలుగా పేర్చి మొదలుపెట్టే చెస్) కోసం నేను రాస్తున్న మూవ్ జనరేటర్, అంటే చెల్లే ఎత్తులన్నీ పుట్టించే ప్రోగ్రామ్, సంగతి ఇది. మామూలు ఆరంభ స్థానంలో పెర్ఫ్ట్ (ఒకటి, రెండు, మూడు... ఎత్తుల లోతుకి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టే పరీక్ష) 20, 400, 8902, 197281 అని ఎప్పుడో తేలిపోయింది. 960 స్థానాలు పుట్టించడంలోనూ (బిషప్‌లకు 4×4, క్వీన్‌కి 6, నైట్‌లకు 10) పేచీ లేదు. సతాయించిందల్లా ఏ-వైపు క్యాస్లింగే (కింగ్ సి1కి, రూక్ డి1కి చేరేది).

బగ్‌ని తగ్గించుకుంటూ వస్తే చివరికి నాలుగు పావులు మిగిలాయి: తెల్ల కింగ్ సి1, తెల్ల రూక్ బి1, నల్ల రూక్ ఏ1, నల్ల కింగ్ జి8. ఎత్తు తెల్లది, క్యాస్లింగ్ హక్కు ఉంది. పెర్ఫ్ట్ 1కి రావలసింది 5: రూక్‌తో ఏ1ని కొట్టడం, కింగ్ బి2, సి2, డి2, డి1. వస్తున్నది మాత్రం 6. ఆ ఆరోది క్యాస్లింగ్. కింగ్ సి1లోనే ఉంటుంది, రూక్ డి1కి దూకుతుంది, బి1 ఖాళీ కాగానే ఏ1 నుంచి చెక్!

కింగ్ కదలట్లేదు కాబట్టి కింగ్ దాటే గడుల మీద దాడి ఉందా అని చూసే లూప్ అసలు తిరగడం లేదేమో అన్నది మొదటి అనుమానం. సి1ని విడిగా చూడమన్నా అదే 6. ఫెన్‌లో (బోర్డు స్థితిని ఒక్క లైన్లో రాసే పద్ధతి) హక్కులు చదవడం తేడానా? అదీ కాదు. సి1 మీద దాడి ఉందా అని చూసే క్షణంలో రూక్ ఇంకా బి1లోనే ఉండి అడ్డం పడుతోంది. కింగ్ డి1లోనో ఎఫ్1లోనో ఉన్నా ఇదే గొడవ, ఎందుకంటే చేరేది సి1కే.

మామూలు చెస్‌లో రూక్ ఏ1లో ఉంటుంది, దాని వెనక గడే లేదు. హెచ్-వైపు కూడా భయం లేదు: హెచ్1లో ఎదుటి రూక్ ఉంటే పక్కనే ఉన్న, కింగ్ చేరే జి1 మీద దాడి నేరుగా కనిపిస్తుంది. కాబట్టి ప్రమాదం బి-ఫైల్ (బి నిలువు వరస) రూక్‌తోనే, అంటే 960లో 252 స్థానాల్లో. పైగా ఎదుటి రూక్ గానీ క్వీన్ గానీ ఏ1కి దిగేనాటికి క్యాస్లింగ్ హక్కు బతికి ఉండాలి. ర్యాండమ్ ఆటలు ఎన్ని ఆడించినా ఇది దొరకడం కష్టం.

మందు ఒక్క లైను: ఆక్యుపెన్సీలోంచి (ఏ గడుల్లో పావులున్నాయో చెప్పే పట్టిక) క్యాస్లింగ్ రూక్‌ని తీసేసి దాడి చూడటం. ప్రతిసారీ తీసేసినా నష్టం లేదు, షరతులు పెట్టక్కర్లేదు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజన్ పెర్ఫ్ట్‌తో పోల్చితే ఇప్పుడు తేడా లేదు.

ఫెన్ విషయంలో నా ఓటు ష్రెడర్ పద్ధతికే. రూక్ ఏ ఫైల్లో ఉందో హక్కు రాసే అక్షరమే చెప్పేస్తుంది, ఎక్స్-ఫెన్ అనే ఇంకో పద్ధతిలో ఊహించుకోవాలి. ఎత్తు రాయడానికి 'కింగ్ తన రూక్‌నే కొట్టినట్టు' రాసే పద్ధతి మేలు, లేకపోతే ఎఫ్1 నుంచి జి1 అంటే నడకో క్యాస్లింగో తెలియదు.

తర్వాతిది రెండు వైపులా వేర్వేరు అమరిక, 960×960 = 9,21,600 ఆరంభాలు. రూక్ ఫైళ్లు రంగుకి రెండు చొప్పున విడదీయాలి. ఇప్పుడు రెండు రంగులకీ కలిపి ఒకే జత ఉంది.